అయిదేళ్లు తాళం పడిన మట్టిమిద్దె, మాఘంలో పెళ్లి: ఏ పని ముందు పట్టాలి?

పెన్నాగట్టు (ప్రశ్న)

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య పల్లె మాది. నల్లరేగడి నేల. తాతల కాలం నాటి మట్టిమిద్దె, అయిదేళ్లుగా తాళం వేసే ఉంది. చెల్లెలి పెళ్లి మాఘంలో. ఇంటి ముందర పందిరి వేసే చేయాలని పెద్దోళ్ల పట్టు, ఫంక్షన్ హాలు మాట ఎత్తనీయడం లేదు. ఇప్పుడు కార్తీకం.

ఇంటి సంగతి: పడసాల (ముందు హాలు) 12 అడుగులకు 20, రెండు గదులు 10కి 12. రాతి గోడలు మట్టితో కట్టినవి, రెండడుగుల మందం. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా వేప దంతెలు (సన్న కట్టెలు), దంతెల మీద బండలు పరిచి పైన చౌడు (నీళ్లు దిగకుండా పరిచే ఉప్పుమన్ను). పడసాలలో రెండు చోట్ల కురుస్తోంది. ముందు గోడకు మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ, ఎప్పుడో చేయించిన సిమెంటు పూత పొక్కి ఊడుతోంది. కడప బండల గచ్చు నాలుగు చోట్ల కుంగింది. వైరింగు చెక్క పట్టీల మీద పాతది. మరుగుదొడ్డి లేదు.

భోజనాలకు 400 మంది, రెండు రాత్రులు ఇంట్లో ఉండేవాళ్లు 40 మంది. ఇంటి మీద నాలుగు లక్షలు దాటి పెట్టలేము. మిద్దె మీద కాంక్రీటు పోయించేయమని ఒకరు, పుట్టీ పెట్టి రంగు కొట్టేస్తే చాలని ఒకరు చెప్తున్నారు. దేనికి ఖర్చు పెట్టాలి, దేన్ని వదిలేయాలి?

బేల్దారి_కడప

అన్నా, కాంక్రీటు మాట మరిచిపోండి. నాలుగంగుళాల కాంక్రీటు అంటే చదరపు మీటరుకు 240 కిలోలు. మీ పడసాల పైకప్పు దాదాపు 22 చదరపు మీటర్లు. 5 టన్నుల పైచిలుకు బరువు ఆ దూలాల మీద కొత్తగా ఎక్కుతుంది. పైగా కాంక్రీటు కిందికి దిగిన నీళ్లు మళ్లీ ఆరవు, దంతెలు లోపల్లోపలే మురుగుతాయి. బయటికి తెలిసే నాటికి దూలమే పోయి ఉంటుంది.

అసలు ముందు చూడాల్సింది చౌడు ఎంత మందం ఉందో. ఏటా వానలకు ముందు కొంచెం కొంచెం పోసుకుంటూ వచ్చిన మిద్దెల మీద అడుగు, అడుగున్నర కూడా పేరుకుని ఉంటుంది. అడుగు మందం చౌడు మీ పడసాల మీద 11 టన్నులు. తడిస్తే ఇంకా ఎక్కువ. గడ్డపారతో కాదు, సన్న కమ్మీతో నాలుగు చోట్ల గుచ్చి కొలవండి. ఎనిమిదంగుళాలు దాటితే దించి అయిదారు అంగుళాలకు తేవాలి. దించేటప్పుడు మట్టి ఒకే చోట కుప్ప పోయనివ్వద్దు, నడిమి నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ సమంగా తీసి వెంటవెంటనే కిందికి దింపించండి. మిద్దె మీద ఒకేసారి ముగ్గురికి మించి నిలబడొద్దు.

దూలాల పరీక్ష: సుత్తితో కొట్టుకుంటూ పోండి. గట్టి కట్టె ఖంగుమంటుంది, చెద తిన్నది బోలుగా పలుకుతుంది. దూలం నడుమ బాగుందని వదిలేయకండి, గోడలో దూరిన కొసలే ముందు పోతాయి. అక్కడ స్క్రూడ్రైవర్ పొడిచి చూడండి. అరంగుళం సులువుగా దిగితే ఆ కొస కింద గోడకు ఆనించి స్తంభం నిలపాల్సిందే. దూలం పొడవునా దారం లాగి పట్టండి. 12 అడుగులకు అంగుళం దాటి వంగి ఉంటే నడిమిన ఊత ఇవ్వండి. కింద బండ, పైన రెండంగుళాల పలక, మధ్యలో సరివి కట్టె, సందులో చీలలు కొట్టి బిగించాలి. వంపు పాతదా కొత్తదా తేలాలంటే దారం ఉన్న చోట గోడ మీద గీత పెట్టి వారం వారం చూడండి. దంతెల మధ్య చిట్లిన బండ కనిపిస్తే దాన్ని తీయబోకండి, కింద అడ్డంగా చెక్క పట్టీ బిగిస్తే సరిపోతుంది.

కురిసేది చాలాసార్లు నడిమిన కాదు, పిట్టగోడ మిద్దెను కలిసే మూలలో. అక్కడ పగులు బాగు చేసి తడిపి, సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి మూడంగుళాల ఏటవాలు పట్టీ కట్టించండి. మొలిచిన గడ్డిని, చెట్లను వేళ్లతో సహా పీకాలి, పైపైన కోస్తే ఆ వేరు దారినే నీళ్లు దిగుతాయి. పది అడుగులకు కనీసం రెండంగుళాల వాలు తూముల వైపు ఉండాలి. తూము గోడ దాటి ఒకటిన్నర అడుగు బయటికి రావాలి. లేకుంటే నీళ్లు గోడ మీదనే కారి, మీరు చెప్పిన ముందు గోడ చెమ్మ మళ్లీ మొదలు.

కొత్త చౌడు రెండంగుళాలు చాలు. మూడు గదుల మీద కలిపి 480 చదరపు అడుగులు, అంటే 80 ఘనపుటడుగులు. ఒక ట్రాక్టర్ లోడు వస్తుంది. మన్ను అసలైన చౌడో కాదో తెలియాలంటే గ్లాసు నీళ్లలో చిన్న గడ్డ వేసి కదిలించకుండా ఉంచండి. చౌడైతే దానంతట అదే చెదిరి నీళ్లు గంటల తరబడి మడ్డిగా ఉంటాయి. ఆ చెదిరే గుణం వల్లనే తడిసినప్పుడు సన్న రేణువులు సందులు పూడ్చి నీటిని ఆపుతాయి. నీళ్లు తేరుకుంటే అది మామూలు మన్ను, వెనక్కి పంపించేయండి. పొడిగా జల్లెడ పట్టి పరిచి, కొద్దిగా నీళ్లు చిలకరించి చెక్కతో తట్టాలి. కార్తీకం దాటేదాకా మనకు తుపాను వానలు వస్తూనే ఉంటాయి. అప్పటిదాకా టార్పాలిన్ సిద్ధంగా పెట్టుకుని పాత మట్టి దించే పని, దూలాల పని చేసుకోండి. చౌడు మార్గశిరంలో పరవండి.

రంగులరాజు

ఇంత తతంగం ఎందుకన్నా, పెళ్లి రెండు రోజులు. గోడకు వాటర్‌ప్రూఫ్ ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు పుట్టీ, పైన ఎమల్షన్ వేస్తే వారంలో కొత్తిల్లు అయిపోతుంది. ఫొటోలలో ఎవరికీ తెలియదు.

సున్నపుబట్టి

ఫొటోల దాకా కూడా నిలవదు. చెమ్మ గోడ మీద పుట్టీ రెండు మూడు వారాల్లో బుడగలు కడుతుంది. సంక్రాంతికి వేయిస్తే సరిగ్గా ముహూర్తానికి పెచ్చులు రాలుతాయి.

రాతి గోడ మట్టితో కట్టింది. నేల నుంచి ఎక్కిన నీరు గోడ ముఖం గుండా ఆవిరై పోవాలి. సిమెంటు పూత ఆ దారి మూసేసింది కాబట్టి నీరు పైకి పాకి మూడడుగులకు చేరింది, వెంట తెచ్చిన ఉప్పు పూత వెనక పూసి దాన్ని తోసేస్తోంది. రంగైనా, ప్రైమరైనా, పుట్టీ అయినా చేసేది ఇదే పని.

మొదట ఇంటి బయట చూడండి. ఇన్నేళ్లలో వీధి ఎత్తు పెరిగి బయటి నేల లోపలి గచ్చు కంటే పైకి వచ్చి ఉంటుంది. గోడ వెంబడి రెండడుగుల వెడల్పున మట్టి తీయించి, గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు దిగువకు తెచ్చి, నీళ్లు గోడ నుంచి బయటికి పోయేలా వాలు పెట్టండి. తూము నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు ఆ కాలవలో నిలవకూడదు. రేగడిలో గోడ పక్కన లోతుగా తవ్వొద్దు, పునాది కదులుతుంది. అడుగు లోతు మించకండి.

తర్వాత సిమెంటు పూత మూడడుగుల వరకు కాదు, చెమ్మ గీత పైన ఇంకో అడుగు దాకా కొట్టేయండి. సందుల్లో వదులు మట్టి అంగుళం లోతు గీకి, పొడి బ్రష్షుతో ఉప్పు దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. ఇక్కడొక చేదు నిజం: రెండడుగుల గోడ మూడు నెలల్లో పూర్తిగా ఆరదు. అంగుళం మందానికి ఒక నెల అని పాత లెక్క. కాబట్టి ఆరిపోతుందని కాకుండా, ఆరుతూ ఉండగానే బాగుండే పూత వేసుకోవాలి. అది సున్నమే.

కాల్చిన సున్నం తెచ్చి ఇనుప డ్రమ్ములోనో గుంటలోనో నీళ్లలో వేయండి, ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి కరిగిపోతుంది. నీళ్లలోకి సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరిస్తే ఎగిరి మీద పడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వద్దు. పూతకు వాడే సున్నం కనీసం రెండు వారాలు నానాలి, సన్న జల్లెడలో వడకట్టాలి. నానని గింజ ఒకటి మిగిలినా గోడ మీద తర్వాత ఉబ్బి పొక్కు లేస్తుంది. పాళ్లు ఒకటికి మూడు, ఇసుక నది ఇసుకే, చౌడు ఇసుక కాదు. ఒక్కో పొర అరంగుళం లోపు, రెండు పొరల మధ్య వారం. రోజుకు రెండు సార్లు నీళ్లు చిలకరిస్తూ తడి గోనెలు కట్టాలి. ఎండకు వదిలేస్తే పిండిపిండిగా రాలుతుంది.

పై వెల్ల పాలంత పల్చగా మూడు పూతలు, రోజుకొకటి. తడిగా ఉన్నప్పుడు సున్నం గోడ మీద కనపడదు, ఆరాక తెల్లబడుతుంది. అది తెలియని కూలీ మందంగా పట్టిస్తాడు, అదే తర్వాత పొరలు పొరలుగా ఊడుతుంది. చేతికి అంటకుండా తుమ్మ బంక గోరువెచ్చని నీళ్లలో కరిగించి కలపండి. చెమ్మ గోడకు గంజి కలపొద్దు, బూజు పడుతుంది. కింద అడుగున్నర ఎర్రమన్ను పట్టీ తీయించండి, చూడ్డానికి బాగుంటుంది, చిందులు కనపడవు, పెళ్లి ముందు రోజు ఇంకో చెయ్యి వేసుకోవచ్చు.

పీటల వెనక గోడకు గుడ్డ అలంకారం కట్టేటట్లయితే గోడకు ఆనించకుండా రెండంగుళాలు ఎడంగా చట్రం మీద కట్టించండి. అప్పుడు వెనక ఏ మరక ఉన్నా పోయేదేం లేదు.

తాడిపత్రి_బండలు

గచ్చు గురించి రెండు ముక్కలు. కుంగిన బండను చెక్క ముక్క ఆనించి గడ్డపారతో లేపండి, అంచులు చిట్లవు. కింద మట్టి అయిదంగుళాలు తీసి, గరుసు (కంకర మన్ను) నింపి తడిపి దిమ్మిస కొట్టి, పైన అంగుళం ఇసుక పరిచి బండ మళ్లీ కూర్చోబెట్టండి. నల్లమట్టితో పూడ్చారంటే ఎండాకాలం కుంచించుకుని మళ్లీ కుంగుతుంది. సందులకు ఒకటికి మూడు సిమెంటు ఇసుక చాలు. కొత్త బండలు, టైల్సు అక్కర్లేదు, ఆ డబ్బు మరుగుదొడ్డికి పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, బండలు మెరవాలని బాత్‌రూం యాసిడ్ పోయనివ్వద్దు. కడప బండ, బేతంచెర్ల బండ, మా తాడిపత్రి బండ అన్నీ సున్నపురాయి జాతే. యాసిడ్ పడగానే నురుగు వచ్చి పైపొర తినేస్తుంది, తెల్లటి మచ్చ ఇక పోదు. చింతపండు పులుసు, నిమ్మకాయ రసం ఒలికినా అంతే, వెంటనే తుడవాలి. సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు, గట్టి మరకకు సన్న రాతి పొడి. కడిగి ఆరాక గుడ్డతో కొంచెం నూనె రుద్దితే నలుపు తేలుతుంది. నడిచే చోట నూనె ఎక్కువైతే జారతారు, పెళ్లి రోజుకు వారం ముందే ఆ పని ముగించండి.

వంట పొయ్యిలు బండల మీద పెట్టకండి. పొరలు పొరలుగా ఉండే రాయి, లోపల చెమ్మ ఉంటే వేడికి టప్పున పెచ్చు ఎగురుతుంది.

వైర్‌మన్_అనంత

పాత వైరింగు మొత్తం తీసేయండి, అందులో కొంత ఉంచుకుని కొంత కలపడం అనే బేరం వద్దు. రబ్బరు తొడుగు ఎండి పెళుసైన తీగను ఎలుక కొరికిన చోటే పెళ్లి లైట్ల బరువు పడుతుంది.

రాతి గోడలో గాడి కొట్టించకండి, మట్టి కట్టుడు వదులవుతుంది. పీవీసీ పైపు గోడ మీదుగా, వీలైన చోట దూలం పక్కన పోనివ్వండి. మట్టి సందులో స్క్రూ నిలవదు, చెక్క బిరడా కొట్టి దానికి బిగించాలి. లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, రెండు సర్క్యూట్లుగా, ఒక్కోదానికి 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్). ప్లగ్గులకు 2.5 స్క్వేర్ ఎంఎం, 16 ఆంపియర్లు. మెయిన్‌లో 32 ఆంపియర్ల డబుల్ పోల్ (రెండు తీగలనూ ఒకేసారి ఆపే స్విచ్), దాని తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేది). తడి కాళ్లతో 40 మంది తిరిగే ఇల్లు, దీని దగ్గర పిసినారితనం చేయొద్దు. బిగించాక టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో మీరే చూడండి.

ఎర్త్ లేకుండా ఇవన్నీ సగం పనే. ఎనిమిదడుగుల పైపు నిలువునా దింపి బొగ్గు, ఉప్పు నింపండి. రేగడి ఎండితే పైపును విడిచి పక్కకు జరుగుతుంది, మాఘానికి నేల ఎండే ఉంటుంది. పెళ్లికి నాలుగైదు రోజుల ముందు నుంచి అందులో రోజూ రెండు బకెట్లు పోయండి.

పందిరి కరెంటు ఇంటి మీటరు నుంచి తీయొద్దు. లెక్క చూడండి: లైట్లు 2 కిలోవాట్లు, మైకు సెట్టు 1, ఆరు కూలర్లు 1.2, పిండి గ్రైండరు 0.75. అయిదు కిలోవాట్లంటే 22 ఆంపియర్లు, 2.5 తీగకు అది ఎక్కువ. ఎస్పీడీసీఎల్ ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, లేదా 10 కేవీఏ జనరేటరు. జనరేటరును ఇంటికి కలపాలంటే చేంజోవర్ స్విచ్ (లైను, జనరేటరు రెంటిలో ఒకదాన్నే కలిపేది) ఉండాలి. రెండు వైపులా ప్లగ్గు ఉన్న తీగతో సాకెట్‌లోకి కరెంటు ఎక్కించే పని కొందరు చేస్తారు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు దాకా వెనక్కి పోతుంది, స్తంభం మీద ఉన్న లైన్‌మన్ ప్రాణం పోతుంది.

పెన్నాగట్టు

అందరికీ దండాలు. చౌడు కొలిచాను, పడసాల మీద పదకొండు అంగుళాలు ఉంది, దించే పని మొదలుపెట్టిస్తున్నాను. రెండు సందేహాలు. మరుగుదొడ్లు ఎన్ని కట్టాలి? వంట మిద్దె మీద పెట్టుకుని, నీళ్ల ట్యాంకు కూడా అక్కడే పెడితే పెరడు మిగులుతుంది కదా అని మా మామ అంటున్నారు.

నీళ్లబావి

మామగారికి నచ్చజెప్పండి అన్నా. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. ఇప్పుడే మట్టి దించుతున్న మిద్దె మీద టన్ను నీళ్లు, పొయ్యిలు, పది మంది వంటవాళ్లు అంటే దించిన పనంతా వృథా. పెళ్లి రెండు రోజులూ మిద్దె మెట్లకు అడ్డం కట్టేయండి. ఊరేగింపు చూడ్డానికి జనం ఎక్కేది అక్కడికే.

మరుగుదొడ్లు: పక్కావి రెండు కట్టించండి, ఇంకో రెండు తాత్కాలికంగా అద్దెకు, మగవాళ్లకు పక్కన తడక కట్టి మూత్రశాల. సెప్టిక్ ట్యాంకు లోపలి కొలత ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నీటి లోతు నాలుగున్నర అడుగులు పెడితే 2,600 లీటర్ల దాకా పడుతుంది. రేగడి నీరు పీల్చదు, ఇంకుడు గుంత నమ్ముకుంటే పెళ్లి మధ్యాహ్నానికి పొంగుతుంది. ట్యాంకు కట్టాక నీళ్లు నింపి రెండు రోజులు మట్టం చూడండి, దిగితే లీకు. పెళ్లికి ముందు రోజు ఖాళీ చేయించి మొదలుపెడితే ఆ రోజంతా గడుస్తుంది. బోరుకు, బావికి వీలైనంత ఎడంగా ఉండాలి. సిమెంటు పని మూడు వారాలు తడవాలి కాబట్టి చౌడు దించే పనితో పాటు ఈ పని కూడా ఇప్పుడే మొదలు పెట్టాలి, చివరికి తోయకండి.

నీళ్లు: ఉండేవాళ్లకు తలకు 80 లీటర్లు, రోజుకు 3,200. భోజనాల రోజు వంట, కడుగుడు, చేతులకు కలిపి 400 మందికి 8,000. అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఆ రోజుకు రెండు, మూడోది చెప్పి ఉంచండి. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు 50. ట్యాంకులు నేల మీద రాతి అరుగు కట్టి పెట్టుకోండి, చిన్న మోటారు చాలు.

వంట పెరటిలో, పందిరికి 20 అడుగుల దూరంలో, గాలి పందిరి వైపు వీచని పక్కన. ఆరంగుళాల ఇసుక, పైన ఇటుక, దాని మీద పొయ్యి. పైన రేకు కప్పు, కొబ్బరి మట్టలు కాదు. రెండు బకెట్లు ఇసుక చేతికి అందేలా.

బంతి లెక్క: ఒక మనిషికి బల్ల రెండడుగులు. 80 మంది బంతికి 160 అడుగుల బల్ల కావాలి. బంతికి 40 నిమిషాలనుకుంటే 400 మందికి అయిదు బంతులు, మూడు గంటల ఇరవై నిమిషాలు. చేతులు కడిగే కొళాయిలు కనీసం ఎనిమిది, వాటి నీళ్లు గోడ వైపు కాకుండా పొలం వైపు పోయేలా కాలవ.

బేల్దారి_కడప

పందిరి గుంజలు రేగడిలో రెండడుగులు దిగాలి, చుట్టూ గరుసు వేసి దట్టించండి. పదడుగులకొక గుంజ. తాళ్లు పిట్టగోడకు కట్టనివ్వద్దు, గాలికి పిట్టగోడతో సహా వస్తుంది, విడిగా మేకులు కొట్టి కట్టండి.

ఇంకోటి, రోజులు లెక్కపెట్టేటప్పుడు సంక్రాంతి మరిచిపోకండి. భోగికి నాలుగు రోజుల ముందు పోయిన కూలీ కనుమ దాటాక కూడా వెంటనే రాడు. పుష్యంలో కొత్త పని మొదలుపెట్టం అనేవాళ్లు కూడా ఉంటారు, మార్గశిరంలోనే మొదలుపెట్టేసి ఉంటే ఆ పేచీ రాదు. వెల్ల ఒక్కటి సంక్రాంతి తర్వాతకు ఉంచుకోండి.

వైర్‌మన్_అనంత

వంట సిలిండర్లు 19 కిలోల కమర్షియలే తెప్పించండి, ఇంటి గ్యాసు 14.2 కిలోలది పెళ్లి వంటకు వాడరాదు. పెద్ద పొయ్యి ఒక్కటే సిలిండరు నుంచి లాగితే అది చల్లబడి బయట మంచు పడుతుంది, మంట తగ్గిపోతుంది. వంటవాళ్లు అప్పుడు దాన్ని వేడి నీళ్ల గంగాళంలో పెడతారు, అది చేయనివ్వద్దు. రెండు సిలిండర్లను మానిఫోల్డ్‌తో (రెంటి గ్యాసునూ ఒకే గొట్టంలోకి తెచ్చే అమరిక) కలిపి పెట్టమనండి. నిండువి పదడుగుల దూరంలో నిలువుగా ఉంచండి. పక్కన చలువ పందిరి లైట్ల తీగ పోకుండా మీ ఊరి లైట్ల సెట్టు వాడికి ముందే చెప్పండి.

పెన్నాగట్టు

సరే అన్నా. సెప్టిక్ ట్యాంకు గుంత ముగ్గు ఈ గురువారం వేయిస్తున్నా. ముందు గోడ సిమెంటు పూత కొట్టిస్తే లోపలి రాయి ఒకటి రెండు వదులుగా కదులుతున్నాయి, వాటిని సున్నంతోనే బిగించాలా, మట్టితోనా?

సున్నపుబట్టి

ఒక పాలు సున్నానికి ఎర్రమట్టి, ఇసుక రెండూ కలిపి మూడు పాళ్లు వేసిన గట్టి ముద్దతో. సందు తడిపి, రాయి వెనక దాకా నింపి, చిన్న రాతి చీలలు కొట్టండి. ఒకేసారి రెండు రాళ్లకు మించి బయటికి తీయొద్దు. అది ఆరాక, వారం తర్వాతే పైపూత.